చిన్న సినిమానే హాల్లో చూడండి

మీరు అడిగింది ఇది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి మీ దగ్గర నెల రోజులుంటారు. నాన్నగారికి చెవి కాస్త మందం, అమ్మగారికి మోకాళ్ల నొప్పి. ఈమధ్య వచ్చిన తెలుగు సినిమాల్లో వాళ్లతో కలిసి చూడదగినవి ఏవి? గతంలో రేటింగులు నమ్మి వెళ్లి రెండుసార్లు మధ్యలోనే లేచి వచ్చేశారు. అందుకని ఈసారి పెద్ద హీరో సినిమా ఒక్కటే హాల్లో చూసి, చిన్నవన్నీ ఇంట్లో టీవీలో చూద్దామనుకుంటున్నారు. ఆ ఆలోచన సరైనదేనా?

ఆ ఆలోచనను తిరగేయండి. పెద్ద సినిమా ఇంట్లో చూసినా పెద్దగా నష్టం లేదు. చిన్న సినిమానే హాల్లో చూడాలి. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా పని గురించి కొంచెం చెప్పాలి.

నేను 1990ల మొదట్లో గోదావరి జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేరాను. ఇరవై ఏళ్లు రీళ్లు నడిపాను. డిజిటల్ వచ్చాక ఆపరేటరుకు పని తగ్గింది, అదే హాలుకు మేనేజరునయ్యాను. ప్రొజెక్టర్ గదికి గోడలో రెండు చిన్న కిటికీలుంటాయి. ఒకదాంట్లోంచి వెలుగు తెర మీదికి పోతుంది, రెండోది ఆపరేటరు చూసుకోవడానికి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రెండున్నర గంటల సినిమాకు పధ్నాలుగు రీళ్లు. రీలు చివరికి రాగానే తెర కుడివైపు పైమూలన చిన్న గుండ్రటి మచ్చ మెరుస్తుంది, అది చూసి రెండో ప్రొజెక్టరుకు మార్చాలి. కాబట్టి కిటికీ వదిలి కదలడానికి ఉండదు. అయితే ఒకే సినిమాను రోజుకు నాలుగు ఆటల చొప్పున నెల రోజులు ఎవరు చూడగలరు? నాలుగో రోజుకల్లా నా చూపు తెర మీది నుంచి జారి కింద వరసల్లోని తలల మీదికి పోయేది. సినిమా గురించి నాకు తెలిసినదంతా ఆ తలలు నేర్పినదే.

కథ జారిపోతున్నప్పుడు తలలు పక్కలకు తిరుగుతాయి. ఒకరు చెప్పులు వెతుక్కుంటారు, ఒకరు పిల్లాణ్ణి బయటికి తీసుకెళ్లడానికి లేస్తారు. పాట వస్తే క్యాంటీను వైపు తలుపు ఆగకుండా ఊగుతుంది. కథ పట్టుకున్నప్పుడు ఈలలు పడతాయని చాలామంది అనుకుంటారు. ఈలలు హీరోకు పడతాయి. కథకు పడేది నిశ్శబ్దం. ఆరువందల మంది కూర్చున్న చోట దగ్గు కూడా ఆగిపోతుంది, ఫ్యాన్లు తిరిగే చప్పుడు నా గదిలోకి వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దం ఇంట్లో దొరకదు. ఇంట్లో కుక్కరు కూత పెడుతుంది, ఎవరో తలుపు కొడతారు, చేతిలో ఫోను వెలుగుతుంది.

పెద్ద సినిమా వీటన్నిటికీ తట్టుకుంటుంది. 2024 డిసెంబరు 5న వచ్చిన 'పుష్ప 2' మూడు గంటల ఇరవై నిమిషాలు. మధ్యలో పది నిమిషాలు మీరు వంటింట్లోకి వెళ్లొచ్చినా కథ ఎక్కడికీ పోదు. జాతర ఘట్టంలో అల్లు అర్జున్ అభినయం గొప్పగా ఉంది, ఆ భాగం టీవీలో చూసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' మొదటి సగం నాకు సాగినట్టు అనిపించింది. కానీ అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ నిలబడ్డ ప్రతిచోటా హాలు సర్దుకుని కూర్చుంది. ఇవి హాల్లో బాగుంటాయన్నది నిజమే. కానీ ఇవి మిమ్మల్ని ఎక్కడున్నా చెయ్యిపట్టి లాక్కుపోతాయి. చిన్న సినిమా అలా లాగదు, మనమే దాని దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. అందుకే దానికి చీకటి కావాలి, పక్కన మనుషులు కావాలి. పైగా మీ అమ్మగారి మోకాళ్లకు మూడు గంటల ఇరవై నిమిషాలు ఒకచోట కూర్చోవడం శిక్ష.

ఇక ఏవి బాగున్నాయంటే, నేను ముందుగా చెప్పేది 'బలగం'. 2023 మార్చి 3న వచ్చింది, మీరు చూడకపోతే ఇప్పటికీ కొత్తదే. అంతవరకు హాస్య నటుడిగానే మనకు తెలిసిన వేణు యెల్దండి తీశాడు. తెలంగాణ పల్లెలో ఒక తాత చనిపోతాడు. అప్పుల్లో మునిగి, జరగబోయే పెళ్లి కట్నంతో గట్టెక్కుదామనుకున్న మనవడికి ఆ చావు పెద్ద అడ్డం. మూడో రోజు పిట్టకు పెడితే కాకి ముట్టదు. తర్వాతా ముట్టదు. తాత మనసులో ఏం మిగిలిపోయిందని ఊరంతా అడుగుతుంది. ఏళ్ల కిందట విందులో ఒక నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలకతో ఆ ఇంటి అల్లుడు గడప తొక్కడం మానేశాడని, అన్నదమ్ములు కూడా ఎవరి దారి వారిదయ్యారని ఒక్కొక్కటే బయటపడుతుంది. అల్లుడు నారాయణగా మురళీధర్ గౌడ్ ముఖం బిగించుకుని కూర్చున్న తీరు చూస్తే, ప్రతి ఇంట్లోనూ అలాంటి బంధువు ఒకరు ఉన్నారనిపిస్తుంది.

మా హాల్లో అది ఆడుతుందా అని నాకు భయం ఉండేది. మా వైపు కాకికి పిండం పెట్టడం అంటాం, పిట్టకు పెట్టడం అనం. యాస అందుతుందో లేదో అనుకున్నాను. మొదటి రోజు మ్యాట్నీకి అరవై మంది కూడా లేరు. చివర్లో చావు దగ్గర పాడే కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు గొంతెత్తారు. తెర పక్కన నిలబడి వరసల వైపు చూశాను. ఒక్క తలా కదలలేదు. ఆ దంపతులు నిజజీవితంలోనూ ఆ పాటే వృత్తిగా బతికినవాళ్లు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ గొంతు సినిమాలో దాచిపెట్టినందుకు దర్శకుడికి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

ఆ రోజు ఆట అయిపోయాక వెనక వరసలో ఒక పెద్దావిడ లేవలేదు. ఊడ్చేవాళ్లు చీపుర్లు పట్టుకుని ఆగారు. నేను దగ్గరికి వెళ్తే, "రాత్రి ఆట ఎన్నింటికి బాబూ? మా తమ్ముణ్ణి తీసుకొస్తాను" అంది. తీసుకొచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చోలేదు, మధ్యలో ఒక సీటు వదిలి కూర్చున్నారు. సినిమా అయ్యాక బయటికి వచ్చేటప్పుడు మాత్రం ఆవిడ సంచి ఆయన చేతిలో ఉంది. ఆ తర్వాత తెలంగాణ పల్లెల్లో జనం రాత్రిపూట తెర కట్టుకుని ఊరంతా కలిసి ఈ సినిమా చూస్తున్నారని వార్తల్లో వచ్చినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. అప్పటికే అది ఓటీటీలోకి కూడా వచ్చేసింది. ఎవరి ఫోనులో వాళ్లు చూసుకోవచ్చు. అయినా ఆరుబయట చేరి కలిసి చూశారు. మీ ప్రశ్నకు నాకన్నా ముందే ఆ ఊళ్లవాళ్లు జవాబు చెప్పారు. ఇందులోని 'ఊరు పల్లెటూరు' పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది, అది కూడా ఎంతో సంతోషం.

రెండోది '35 - చిన్న కథ కాదు'. 2024 సెప్టెంబరు 6న వచ్చింది, దర్శకుడు నందకిశోర్ ఈమాని. కథంతా తిరుపతిలో. అరుణ్ అనే పిల్లాడికి లెక్కలు ఎక్కవు. మొద్దువాడై కాదు, ఒక సందేహం తీరక. సున్నాకు విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది? ఎవరూ సరిగా చెప్పరు. లెక్కల మాస్టారు వాణ్ణే సున్నా అని పిలుస్తాడు. చివరికి పదో తరగతి తప్పిన తల్లి తనే లెక్కలు నేర్చుకుని కొడుక్కి నేర్పడానికి కూర్చుంటుంది. ఆ తల్లిగా నివేదా థామస్ నటించింది. బస్సు కండక్టరు భార్యగా ఆ ఇంట్లో ఆమె నడక, కొంగు బిగించి పిండి రుబ్బడం చూస్తుంటే, నటిస్తోందన్న మాటే మర్చిపోయాను. రెండో సగంలో కొన్ని మాటలు ఉపన్యాసంలా సాగాయి, అవి కత్తిరించి ఉండాల్సింది. అయినా పిల్లాడు ఆ సున్నా ప్రశ్న వేసినప్పుడు మా హాల్లో పిల్లలు చేతిలోని చిప్స్ పొట్లాల చప్పుడు ఆపేశారు. ముప్ఫై ఏళ్లలో పిల్లలు అలా ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూడలేదు. మీ అమ్మగారికి ఇది తప్పకుండా చూపించండి.

మూడోది 'కోర్ట్'. 2025 మార్చి 14న వచ్చింది, రామ్ జగదీశ్ మొదటి సినిమా. 2013లో విశాఖపట్నం. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడతారు. అమ్మాయి మామ మంగపతి ఆ కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. పిల్లల రక్షణకు 2012లో వచ్చిన ఆ చట్టాన్ని ఒక మనిషి తన పరువు కోసం, పగ కోసం ఎలా వాడగలడో సినిమా చూపిస్తుంది. చట్టం అవసరాన్ని మాత్రం ఎక్కడా తక్కువ చెయ్యదు. అందులోని జాగ్రత్త నాకు నచ్చింది. మంగపతిగా శివాజీ. అంతకుముందు ఏడాది ఒక వెబ్ సిరీస్‌లో మధ్యతరగతి తండ్రిగా అందరి మనసూ దోచుకున్న మనిషే, ఇక్కడ గుమ్మంలో అడుగుపెడితే ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. మా హాల్లో ఆడవాళ్ల వరసలో కోపం కళ్లకు కనిపించింది. అది ఈలల కోపం కాదు, ఎరిగిన మనిషిని చూసిన కోపం. వాదనలు మొదలయ్యేదాకా సినిమా కాస్త నెమ్మదిగా నడుస్తుంది, ప్రేమ సన్నివేశాలు ఒకటి రెండు తగ్గించినా పోయేది లేదు. మీ నాన్నగారికి ఇది బాగా నచ్చుతుందనుకుంటున్నాను.

ఈ మూడింటిలోనూ ఒకే నటుడున్నాడు, గమనించారా? 'బలగం'లో తాత చావు వల్ల పెళ్లి చెడుతుందని లోపల్లోపల విసుక్కునే మనవడు, '35'లో పిల్లాణ్ణి సున్నా అని పిలిచే మాస్టారు, 'కోర్ట్'లో ఒక్క కేసైనా తానే వాదించాలని ఎదురుచూసే జూనియర్ లాయరు. మూడూ ప్రియదర్శే. అతనిలో నాకు నచ్చేది మాట చెప్పే తీరు కన్నా వినే తీరు. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు అతని ముఖం చూడండి. చాలామంది నటులు తమ వంతు మాట కోసం ఆగి ఉంటారు, అతను నిజంగా వింటాడు. ఆ వినడం ఫోను తెర మీద కనిపించదు. ముప్ఫై అడుగుల తెర మీద కంటి రెప్ప కింద కదలిక కూడా కనిపిస్తుంది. చిన్న సినిమాకు పెద్ద తెర ఎందుకని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

మిగతావి త్వరగా చెబుతాను. 2025 సంక్రాంతికి వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' కథగా ఎంతమాత్రం నిలవదు. కానీ వెంకటేశ్ ఇద్దరాడవాళ్ల మధ్య నలిగిపోతుంటే మా హాల్లో అవ్వలు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. కుటుంబాలు ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. 'లక్కీ భాస్కర్' బొంబాయిలో ఒక బ్యాంకు ఉద్యోగి కథ. డబ్బు లెక్కలు కొన్ని నాకు అందకపోయినా దుల్కర్ సల్మాన్ కళ్లల్లో ఆశ, భయం రెండూ అందాయి. శేఖర్ కమ్ముల తీసిన 'కుబేర' దాదాపు మూడు గంటలు. అందులో బిచ్చగాడిగా ధనుష్ ఆకలి నటించిన తీరు కోసమే చూడొచ్చు. చివరి అరగంట మాత్రం కథ చెదిరింది. 'తండేల్' శ్రీకాకుళం మత్స్యకారుల కథ. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్ చేతికి చిక్కినవాళ్ల నుంచి పుట్టింది. అక్కడ జైలు సన్నివేశాల కన్నా ఇక్కడ ఒడ్డున ఎదురుచూసే సాయిపల్లవి నన్ను ఎక్కువగా కదిలించింది.

'లిటిల్ హార్ట్స్' కుర్రకారు సినిమా, ఎంసెట్ కోచింగ్ రోజుల అల్లరి. మీరు తమ్ముళ్లతో చూడండి, పెద్దవాళ్లతో వద్దు. తప్పేమీ లేదు, ఆ హాస్యం వాళ్లకు అందదు. 2025 నవంబరులో వచ్చిన 'ది గర్ల్‌ఫ్రెండ్' మీ ఇంట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉంటే అందరూ కలిసి చూడవలసినది. అందులో అబ్బాయి తల్లిగా రోహిణి కనిపించేది కాసేపే, నోరు విప్పేది లేదు. ఆమెను చూశాక హాల్లోంచి బయటికి వచ్చిన ఆడవాళ్లు కొంతసేపు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

రేటింగుల సంగతి. రాసేవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు చూసేది అభిమానులతో కిక్కిరిసిన తొలి ఆట. ఆ హాల్లో తలలు ఎలా ఉన్నా కదులుతూనే ఉంటాయి, అందులో సినిమా నాడి దొరకదు. పోస్టర్ల మీది కోట్లనూ నమ్మకండి. అక్కడ వేసేది గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం వసూలు. అందులో పన్నూ ఉంటుంది, హాలు అద్దె కూడా ఉంటుంది. బొమ్మ నిలిచిందో లేదో మాకు తెలిసేది సోమవారం మ్యాట్నీకి. శని, ఆదివారాలు ఏ బొమ్మైనా నిండుతుంది. సోమవారం డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ల లెక్క, రాసేటప్పుడు అంకెలు చెబుతాయి. కాబట్టి సినిమా చూసొచ్చిన స్నేహితుణ్ణి బాగుందా అని అడగకండి. పాటలప్పుడు ఎంతమంది లేచారు, విశ్రాంతి తర్వాత అందరూ తిరిగి వచ్చారా, అయిపోయాక జనం ఏం మాట్లాడుకుంటూ మెట్లు దిగారు, ఇవి అడగండి. ఈ మూడు మాటల్లో మీకు కావలసింది దొరుకుతుంది.

మరో విషయం. చిన్న సినిమా బాగుందని వింటే ఆ వారంలోనే వెళ్లండి. శుక్రవారం కొత్తవి వస్తే ముందు కోత పడేది దాని ఆటలకే. 2024 జనవరి 12న 'గుంటూరు కారం', 'హను-మాన్' ఒకే రోజు వచ్చాయి. 'హను-మాన్'కు మొదట్లో దొరికిన హాళ్లు తక్కువ. జనం వెతుక్కుని మరీ వెళ్లారు కాబట్టి రోజురోజుకూ ఆటలు పెరిగాయి. మంచి చిన్న సినిమాలన్నిటికీ ఆ అదృష్టం పట్టదు. రెండో వారంలో చూద్దామని మీలాంటివాళ్లు వెయ్యి మంది ఆగితే దానికి రెండో వారమే ఉండదు. అలా వెళ్లిపోయిన మంచి బొమ్మలకు నేనే గోడ మీది పోస్టరు చింపించాను. ఆ పని ఎప్పుడు చేసినా మనసు బరువెక్కుతుంది.

హాలుకు వెళ్లేటప్పుడు సీట్ల సంగతి కూడా చూసుకోండి. శబ్దాన్ని సరిచేసేటప్పుడు తెర నుంచి వెనక గోడ దాకా ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర కొలుస్తారు. నాన్నగారిని ఆ వరసలో, మధ్యకు దగ్గరగా కూర్చోబెట్టండి, మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఖరీదైన చివరి వరస కన్నా అది మేలు. అమ్మగారికి అదే వరసలో నడవ పక్క సీటు తీసుకుంటే కాళ్లు చాపుకోవచ్చు. మ్యాట్నీకే వెళ్లండి, తిరిగొచ్చేసరికి పొద్దు ఉంటుంది.

నేను ముందు చెప్పిన మూడూ హాళ్లు దాటిపోయాయి కాబట్టి వాటిని ఇంట్లోనే చూడక తప్పదు. అలాగైతే ఇంటినే ఆ రెండున్నర గంటలు హాలు చెయ్యండి. దీపాలు ఆర్పండి, ఫోన్లు మరో గదిలో పెట్టండి. పలచటి టీవీలకు స్పీకర్లు వెనకవైపో కిందికో ఉంటాయి, మాట గోడకు తగిలి మసకబారుతుంది. విడి స్పీకరు ఒకటి కలిపి నాన్నగారి ఎదురుగా పెట్టండి. ముందు 'బలగం' పెట్టండి. దూరంగా ఉంటున్న బాబాయో అత్తయ్యో దగ్గర్లో ఉంటే వాళ్లనూ పిలవండి. మర్నాడు '35' చూడండి. ఎవరు ఏం అడిగినా మధ్యలో ఆపకండి. తెర మీద విశ్రాంతి పడినప్పుడు మాత్రం ఆపండి, ఆ టీ అమ్మగారిని లేపకుండా మీరే పెట్టి తీసుకురండి.